ఏడిపించినవాణ్ణి తిరిగి కొట్టిన పిల్లాడు: ఇల్లు ఏం చేయాలి, బడి ఏం చేయాలి

బడిలో జరిగే కొట్లాటల్లో టీచరు కంటపడేది చాలాసార్లు రెండో దెబ్బే. రోజూ ఏడిపించేవాడికి ఎప్పుడు, ఎక్కడ చేయాలో బాగా తెలుసు. ఇంటర్వెల్లో బాత్రూముల దగ్గర, బస్సులో వెనక సీట్లలో, టీచరు బోర్డు వైపు తిరిగిన క్షణంలో కానిస్తాడు. తిరిగి కొట్టేవాడికి ఆ లెక్క ఉండదు. నెలల తరబడి మింగిందంతా లెక్కల పీరియడ్ మధ్యలో, అందరి ముందూ ఒక్కసారి బయటికొస్తుంది. శిక్ష ముందు వాడికే పడుతుంది. కాస్త మెతక హెడ్మాస్టరైతే "రెండు చేతులు కలిస్తేనే కదండీ చప్పుడు" అని ఇద్దరికీ సమానంగా పంచుతారు.

న్యాయంగా కనిపించే ఈ పంపకంతోనే చెడుతుంది. మూడు నెలలు ఏడిపించినవాడికీ, ఒక్క రోజు కొట్టినవాడికీ ఒకే శిక్ష వేస్తే మొదటివాడికి ఆ మూడు నెలలూ ఉచితంగా వచ్చినట్టే. రెండోవాడికి బడి మీద నమ్మకం పోతుంది, ఇంకోసారి ఎవరికీ చెప్పడు. అందుకే కింద చెప్పే పద్ధతి అంతా ఒక్క సూత్రం మీద నడుస్తుంది: జరిగినవి రెండు సంగతులు. ఏడిపించడం ఒకటి, తిరిగి కొట్టడం ఒకటి. రెంటినీ విడివిడిగా విచారించాలి, విడివిడిగా తేల్చాలి.

అన్ని కొట్లాటలూ ఈ కోవలోకి రావు. నార్వే మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఓల్వేయస్ 1970ల నుంచి ఈ విషయం మీద పనిచేసి మూడు గుర్తులు చెప్పాడు. కావాలని చేయడం, పదే పదే చేయడం, ఇద్దరి మధ్య బలంలో తేడా ఉండటం. బలమంటే కండలే కానక్కర్లేదు. పక్కన నలుగురు ఉండటం బలమే. తండ్రి ఊళ్లో పలుకుబడి ఉన్నవాడు కావడం, పెద్ద కులమని చెప్పుకోవడం, క్లాస్ లీడర్ కావడం కూడా బలమే. ఈ మూడూ లేకుండా క్రికెట్ బంతి దగ్గర ఇద్దరు కలబడితే అది మామూలు పోట్లాట, దానికి ఇంత తతంగం అక్కర్లేదు.

ఫోన్ వచ్చిన వెంటనే

"మీ వాడు ఒకణ్ణి కొట్టాడండీ, ఒకసారి రండి" అనగానే చాలామంది నోటికి వచ్చే మాట "అయ్యో సారీ సార్, ఇంటికొచ్చాక వాడి సంగతి చూస్తాం". ఆ మాట ఆపుకోండి. తర్వాత అదే "తల్లిదండ్రులే ఒప్పుకున్నారు" అవుతుంది. ఫోన్లోనే గొడవపడటం కూడా వద్దు. రెండే అడగండి. పిల్లల్లో ఎవరికైనా దెబ్బలు తగిలాయా? మా వాడు ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నాడు? ఆపైన మర్యాదగా ఒక్క మాట చెప్పండి: "మేం వచ్చేదాకా వాడి చేత ఏ కాగితమూ రాయించకండి."

బడికి వెళ్లగానే ముందు ఒళ్లు చూడండి, మాటలు తర్వాత. తలకు దెబ్బ తగిలితే 24 గంటలు కనిపెట్టి ఉండాలి. ఒకటికి మించి వాంతులైనా, మత్తుగా పడిపోతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, చెవిలోంచో ముక్కులోంచో నీళ్లలాంటిది కారుతున్నా ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్లాలి. శాశ్వత దంతం ఊడి పడితే వేరు పట్టుకోకుండా పైభాగం పట్టుకుని, చల్లటి పాలలో వేసి గంటలోపు డెంటిస్టు దగ్గరికి చేరాలి. ఎంత త్వరగా వెళితే అది తిరిగి నిలిచే అవకాశం అంత ఎక్కువ. పంటిగాట్లు, కంపాస్ బాక్సులో డివైడర్ గుచ్చిన గాట్లు చిన్నవే అనిపిస్తాయి కానీ త్వరగా చీము పడతాయి. సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి డాక్టరుకు చూపించండి, టీటీ సంగతి ఆయన చెబుతారు.

కమిలిన చోట్లు అదే రోజు ఒకసారి, మర్నాడు ఒకసారి ఫొటో తీయండి. మొదటి రోజు లేత ఎరుపుగా ఉన్నది రెండో రోజుకు నల్లబడి స్పష్టంగా కనిపిస్తుంది. పక్కన స్కేలు పెడితే సైజు తెలుస్తుంది. చిరిగిన చొక్కా ఉతకకండి.

పిల్లాడితో మాట్లాడటం

అన్నం పెట్టి, అరగంట ఆగి అడగండి. "ఎందుకు కొట్టావ్?" అని మొదలుపెట్టొద్దు. ఆ ప్రశ్నకు ఏ పిల్లాడి దగ్గరా జవాబు ఉండదు, సంజాయిషీ మాత్రమే ఉంటుంది. వరస ఇలా ఉంటే మాట తెగకుండా వస్తుంది: ఇవాళ అంతకుముందు ఏం జరిగింది? ఇలా ఇంతకుముందు ఎప్పుడైనా జరిగిందా? ఎక్కడ? అక్కడ ఇంకా ఎవరున్నారు? ఎవరికైనా చెప్పావా, చెబితే ఏమన్నారు?

చివరి ప్రశ్న జవాబు జాగ్రత్తగా వినండి. "మిస్‌కి చెప్పాను, నువ్వే ఏదో చేసుంటావ్ అంది" అనే మాట చాలాసార్లు వస్తుంది. బడితో మీరు మాట్లాడబోయే సంగతిలో సగం బరువు ఆ ఒక్క వాక్యానిదే. "వాడే కదా మొదలుపెట్టింది?" అని మీరే జవాబు అందిస్తే పిల్లాడు తలూపుతాడు, రేపు విచారణలో ఇంకోలా చెబుతాడు, మొత్తం అబద్ధమని తేల్చేస్తారు.

ఇంట్లో రెండు రకాల స్పందనలు ఉంటాయి, రెండూ నష్టమే. ఒకటి, నాన్న నాలుగు తగిలించడం. బయట దెబ్బలు తిని వచ్చినవాడికి ఇంట్లో కూడా అవే దొరికితే ఇంకో చోటు మిగలదు. రెండోది, తాతయ్యో మావయ్యో "శభాష్, ఇంకో రెండు పీకాల్సింది" అనడం. ఈసారి చేత్తో కొట్టినవాడు వచ్చేసారి రాయి తీసుకుంటాడు. వాణ్ణి ఏడిపించేవాళ్లు కూడా అప్పుడు నలుగురై వస్తారు. పిల్లాడికి చెప్పాల్సింది ఇంతే: "అన్నాళ్లు నిన్ను ఏడిపించడం వాళ్ల తప్పు. నువ్వు దాన్ని ఆపాలనుకోవడం తప్పు కాదు. డివైడర్ లాంటిది తీయడం మాత్రం ప్రమాదం, అది ఇంకెప్పుడూ వద్దు."

ఆడపిల్లల్లో ఇది వేరుగా కనిపిస్తుంది. కొట్టడం కన్నా వెలివేయడం ఎక్కువ. టిఫిన్ దగ్గర కూర్చోనివ్వరు, గ్రూపులోంచి తీసేస్తారు, ఫొటో మీద రాతలు రాసి పంపుతారు. తిరగబడటం కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది, జుట్టు పట్టుకోవడమో, అవతలి అమ్మాయి చాట్ అందరికీ పెట్టేయడమో. బడికి కనిపించేది ఆ చివరి పనే.

మాటల్లో బట్టలు లాగడం, తాకరాని చోట తాకడం, వీడియో తీయడం లాంటివి వస్తే అక్కడితో ప్రశ్నలు ఆపేయండి. అది పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల) చట్టం కిందికి వచ్చే విషయం. తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, బడి కూడా "లోపలే సర్దుకుందాం" అనడానికి వీల్లేదు. పిల్లల చేత పదిమంది ముందు పదిసార్లు చెప్పించకండి.

ఒక్క పేజీ

తెల్లకాగితం మీద గళ్లు గీయండి: తేదీ, చోటు, ఏం జరిగింది, ఎవరు చూశారు, ఎవరికి చెప్పాం. తేదీ గుర్తులేకపోతే "దసరా సెలవులు అయిన వారం", "ఎఫ్‌ఏ పరీక్షల రెండో రోజు" అని రాసినా చాలు. ఐదారు సంఘటనలు చాలు. పాతిక రాస్తే ఎవరూ చదవరు. తిట్టిన మాట తిట్టినట్టే రాయండి. "అసభ్యంగా మాట్లాడాడు" అంటే ఏమీ చెప్పనట్టే. కులం పేరో, రంగో, తండ్రి చేసే పనో ఎత్తి అన్నది ఉంటే ఆ పదాలే రాయాలి, ఎందుకంటే అప్పుడు దాని తీవ్రత వేరు. వాట్సాప్ స్క్రీన్‌షాట్‌లో నంబరు, తేదీ కనిపించాలి. "కడుపునొప్పి" అని మానేసిన రోజులు హాజరు పట్టీతో పోల్చి చూడండి. ఫలానా పీరియడ్ ఉన్న రోజే, ఫలానా బస్సు ట్రిప్పు ఉన్న రోజే నొప్పి వస్తుంటే అదీ పట్టికలోకి ఎక్కాలి.

సీసీ కెమెరా సంగతి అదే రోజు రాసివ్వాలి. రికార్డింగు డిస్కు నిండగానే పాతదాని మీద కొత్తది పడిపోతుంది. ఫుటేజీ మాకు ఇవ్వండి అని అడిగితే మిగతా పిల్లల ముఖాలు ఉన్నాయని ఇవ్వరు, ఆ అభ్యంతరంలో అర్థమూ ఉంది. "ఫలానా తేదీ, ఉదయం 10.30 నుంచి 11.15 దాకా, రెండో అంతస్తు వరండా కెమెరా రికార్డింగు చెరిగిపోకుండా భద్రపరచండి, మీ సమక్షంలో చూడనివ్వండి" అని అడగండి. ఒక కాపీ మీద తీసుకున్నట్టు సంతకం, స్టాంపు వేయించుకోండి.

హెడ్మాస్టరు గదిలో

పరపతి ఉన్న బంధువును వెంటబెట్టుకెళ్లకండి. ఆయన రాగానే విషయం పిల్లల నుంచి పెద్దల పంతాలకు మారిపోతుంది. క్లాస్ టీచర్ ఉండాలని ముందే అడగండి. అవతలి తల్లిదండ్రులతో ఆ రోజు ముఖాముఖి వద్దు, వరండాలో కూడా.

మీ వాడు చేసింది మీరే ముందు చెప్పండి. "మా వాడు కొట్టాడు. దాని గురించి ఇంట్లో మాట్లాడాం, మీ నిబంధన ప్రకారం మీరు చేసేది చేయండి. దానికి ముందు జరిగినవి ఈ కాగితంలో ఉన్నాయి, వాటి మీద కూడా విచారణ జరగాలి." ఇలా మొదలుపెడితే ఎదుటివాళ్లు ఆత్మరక్షణలో పడరు. తర్వాత అడగాల్సినవి: విచారణ ఎవరు చేస్తారు, ఎప్పటిలోగా రాతపూర్వకంగా చెబుతారు, అప్పటిదాకా ఇద్దరినీ ఎలా విడిగా ఉంచుతారు, రోజూ మా వాడు వెళ్లి చెప్పుకోగలిగే టీచరు ఎవరు. "ఆ పిల్లాణ్ణి తీసేయండి" అని మాత్రం అడగకండి. అడిగితే బడి ఆ పిల్లాడి పక్కన నిలబడాల్సి వస్తుంది.

ఇక అపాలజీ లెటరు. ప్రైవేటు బడుల్లో ఒక నమూనా సిద్ధంగా ఉంటుంది: "మా అబ్బాయి ప్రవర్తనకు క్షమాపణ. మరోసారి జరిగితే టీసీ ఇచ్చినా అభ్యంతరం లేదు." దాని మీద సంతకం పెట్టొద్దు. వచ్చేసారి వాణ్ణి ఎవరో తోసినా ఆ కాగితమే బయటికొస్తుంది. బదులుగా ఇది రాసివ్వండి:

"ఫలానా తేదీన మా అబ్బాయి తోటి విద్యార్థిని కొట్టిన విషయం మాకు తెలియజేశారు. మరోసారి చేయి చేసుకోకుండా చూస్తాం. అంతకుముందు ఇన్ని నెలలుగా అతణ్ణి వేధించిన సంఘటనల వివరాలు జతచేస్తున్నాం. వాటిపై విచారించి తీసుకున్న చర్యను పదిహేను రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయగలరు."

టీసీ బెదిరింపు వస్తే గుర్తుంచుకోండి. 2009 విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి తీసేయడానికి లేదు. మైనారిటీ సంస్థలకు ఈ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి మీ బడి ఏ కోవలోదో చూసుకోండి. అదే చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా హింసించడాన్ని నిషేధిస్తుంది. అసెంబ్లీలో నిలబెట్టి "వీడే రౌడీ" అనడం కూడా ఇందులోకే వస్తుంది.

బడి వాళ్లకు

ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి "నువ్వు చెప్పు, ఇప్పుడు నువ్వు చెప్పు" అనే పంచాయితీ పెట్టకండి. భయపడే పిల్లాడు ఏడిపించేవాడి ముందు నోరు విప్పడు, ఏడిపించేవాడికి మాట చాతుర్యం ఉంటుంది. వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి, ముందు నీళ్లిచ్చి, ఇరవై నిమిషాలు ఊపిరి తీసుకోనిచ్చి, ఎవరికి వాళ్లను సొంత మాటల్లో రాయనివ్వండి. చిన్న తరగతులైతే వాళ్లు చెప్పింది మీరు రాయండి, మీ మాటల్లోకి మార్చకండి. సాక్షుల్ని అందరి ముందూ "ఎవరు చూశారో చేతులెత్తండి" అని అడగొద్దు. ఒక్కొక్కరినీ వేరే పని మీద పిలిచినట్టు పిలిచి అడగండి. ఆయమ్మకు, బస్సు క్లీనర్‌కు, అటెండరుకు తెలిసినంత టీచర్లకు తెలియదు. వాళ్లను తప్పకుండా అడగండి.

తర్వాత రెండు కాగితాలు. ఒకదాని మీద ఆ రోజు దెబ్బ: ఎదుటివాడు అప్పుడు కొడుతున్నాడా, వీడికి పక్కకు తప్పుకునే దారి ఉందా, వస్తువు వాడాడా, అవతలివాడు కిందపడ్డాక కూడా కొట్టాడా. తోసి పారిపోయినదానికీ, మర్నాడు కాపు కాసి కొట్టినదానికీ తేడా చూడాలి. మొదటిది తప్పించుకోవడం, రెండోది పగ. రెండో కాగితం మీద అంతకుముందు నెలలు: ఎన్నిసార్లు, ఎవరెవరు, మన టీచర్లలో ఎవరికి తెలుసు, తెలిసి ఏం చేశారు. ఈ ఆఖరి గడి ఖాళీగా వదిలేయాలని చేతులు లాగుతాయి. నిజాయితీగా నింపితేనే మిగతా విచారణకు విలువ.

చర్యలు కూడా వేరుగా ఉండాలి. కొట్టినవాడికి దెబ్బ తీవ్రతను బట్టి ఏదైనా ఇవ్వండి, కానీ "నువ్వు చెప్పినప్పుడు మేం వినలేదు" అని బడి తరఫున ఒకరు వాడితో అనాలి. ఏడిపించినవాడికి తల్లిదండ్రుల సమక్షంలో మాట్లాడటం, ఇంటర్వెల్ సమయం కొన్ని వారాలు స్టాఫ్ రూమ్ దగ్గరే గడపడం, లీడర్ పదవి ఉంటే తీసేయడం, బస్సులో ముందు సీటు లాంటివి పనిచేస్తాయి. మూడు రోజులు ఇంటికి పంపితే వాడికి సెలవు, పైగా తిరిగొచ్చాక హీరో. వాడి వెనక నవ్విన నలుగురినీ విడిగా పిలవండి. నవ్వేవాళ్లు లేకపోతే సగం ఆట ఆగిపోతుంది.

అందరూ చేసే ఇంకో పని షేక్‌హ్యాండ్ ఇప్పించి "ఇవాళ్టి నుంచి ఫ్రెండ్స్" అనిపించడం. చేయి కలుపుతూనే వేళ్లు నలిపేవాళ్లుంటారు. రాజీ అనేది సమాన బలం ఉన్న ఇద్దరి మధ్యే కుదురుతుంది.

చోటు మార్చడంలో జాగ్రత్త. "నీ మంచికే" అని ఇన్నాళ్లూ ఏడిపింపు భరించినవాణ్ణి వేరే సెక్షనుకు పంపితే వాడి స్నేహితులు పోతారు, శిక్ష పడింది వాడికే అని క్లాసంతా అనుకుంటుంది. మార్చాల్సి వస్తే ఏడిపించినవాణ్ణి మార్చండి. మొదటి రెండు వారాలు బాత్రూముల దగ్గర, మెట్ల మలుపులో, నీళ్ల ట్యాంకు దగ్గర ఇంటర్వెల్‌కు ఒక టీచరు ఉండాలి. రెండో రోజు, వారానికి, నెలకు ఏడిపింపు భరించిన పిల్లాణ్ణి ఒంటరిగా అడగాలి, తేదీ వేసి రాసుకోవాలి. చాలా బడులు ఒక్కసారి అడిగి వదిలేస్తాయి. పగతో మొదలయ్యే రెండో విడత సాధారణంగా అప్పుడే వస్తుంది. సిబిఎస్‌ఇ 2015లోనే ఇలాంటి వేధింపుల మీద బడుల్లో కమిటీ ఉండాలని మార్గదర్శకాలిచ్చింది. మీ బడిలో అది కాగితం మీదే ఉంటే, ఇలాంటి సంఘటన జరిగిన వారంలోనే దాన్ని కూర్చోబెట్టండి.

అవతలి పిల్లాడికి గట్టిగా తగిలితే

ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లి కొట్లాట అని చెబితే డాక్టరు మెడికో లీగల్ కేసుగా రాస్తారు, పోలీసులకు కబురు వెళుతుంది. కంగారు పడకండి. ఆ ఖర్చు మానవత్వంతో భరించాలనుకుంటే భరించండి, కానీ "నేరం ఒప్పుకుని ఇస్తున్నాం" అన్నట్టు ఏదీ రాయకండి.

పిల్లలకు వర్తించేది 2015 జువెనైల్ జస్టిస్ చట్టం. ఏడేళ్లలోపు పిల్లలు చేసింది నేరమే కాదు. ఏడు నుంచి పన్నెండు మధ్య ఉంటే, చేసినదాని పర్యవసానం తెలిసే వయసా కాదా అని చూస్తారు. పద్దెనిమిది లోపు ఎవరినీ లాకప్‌లో పెట్టకూడదు. మామూలు కొట్లాటకు పిల్లల మీద ఎఫ్ఐఆర్ కట్టడం కూడా పద్ధతి కాదు. కేంద్ర నిబంధనల ప్రకారం ఘోరమైన నేరాలకు, పెద్దవాళ్లతో కలిసి చేసినవాటికే అది. మిగతావి స్టేషన్ జనరల్ డైరీలో (రోజువారీ రికార్డులో) రాసి, పిల్లాడి కుటుంబ పరిస్థితుల మీద నివేదిక తయారుచేస్తారు. ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 34 నుంచి 44 సెక్షన్లలో ఉంది, అది పిల్లలకూ ఉంటుంది. కానీ అవసరమైన మేరకే, ప్రమాదం ఉన్నంతసేపే. సాయంత్రం గేటు బయట కాపు కాయడం అందులోకి రాదు.

కొట్లాట వీడియో ఎవరో గ్రూపుల్లో పెడితే తీసేయమని అడ్మిన్‌కు రాయండి, మీరు మాత్రం "చూడండి ఎవరు మొదలుపెట్టారో" అని ఇంకో గ్రూపుకు పంపకండి.

హాస్టలైతే

గురుకులాల్లో, కార్పొరేట్ క్యాంపస్‌లలో సాయంత్రమైనా పిల్లాడు ఇంటికి రాడు, ఏడిపించేవాళ్లతోనే పడుకోవాలి. కాబట్టి అక్కడ మొదటి కోరిక విచారణ కాదు, ఆ రాత్రే గది మార్పు. సీనియర్ల గదికి దూరంగా, వార్డెన్ గదికి దగ్గరగా. వారానికోసారి వచ్చే ఫోన్లో పక్కన ఎవరో నిలబడి ఉంటారు, అందుకే ముందే ఒక మాట అనుకోండి. "పచ్చడి అయిపోయింది" అంటే వెంటనే రమ్మని అర్థం. వెళ్లినప్పుడు ఒంటి మీద దెబ్బలు చూడండి, పెట్టెలో సబ్బులు, సరుకులు లెక్కపెట్టండి. సామాన్లు తరచూ మాయమవుతుంటే ఎవరో గుంజుకుంటున్నారు.

వినకపోతే

ప్రభుత్వ బడైతే స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో పెట్టండి. చట్టం ప్రకారం అందులో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలి. తర్వాత మండల విద్యాధికారి, ఆపై జిల్లా విద్యాధికారి. విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ కింద రాసిచ్చిన ఫిర్యాదును స్థానిక అధికార సంస్థ మూడు నెలల్లో తేల్చాలి, కాకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు. పిల్లాడు ఇప్పుడే ప్రమాదంలో ఉంటే ఇవేవీ ఆగి చూడకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. ఆన్‌లైన్ వేధింపులకు సైబర్ హెల్ప్‌లైన్ 1930 కన్నా సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు నమోదు చేయడం మేలు, 1930 ప్రధానంగా డబ్బు మోసాలకు. "చచ్చిపోతాను" అన్నమాట ఒక్కసారి విన్నా తేలిగ్గా తీసుకోవద్దు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416లో తెలుగులో మాట్లాడతారు.

ఆ తర్వాతి వారాలు

తిరిగి కొట్టి గెలిచిన పిల్లాణ్ణి కూడా గమనించాలి. కొందరు మర్నాటి నుంచి తమకన్నా చిన్నవాళ్ల మీద అదే మొదలుపెడతారు. తమ్ముడి మీద చేయి లేవడం తొలి గుర్తు. ఇంకోసారి ఎవరైనా మీదికొస్తే ఏం చేయాలో ఇంట్లోనే నాలుగైదుసార్లు చేయించండి. చేతులు ముఖానికి అడ్డం, గట్టిగా "వదులు!" అని వరండా అంతా వినిపించేలా అరుపు, పట్టు విడిపించుకోవడానికి ఒక్క తోపు, టీచరున్న వైపు పరుగు. అరవడం సిగ్గని చాలామంది పిల్లలు అనుకుంటారు, అందుకే దాన్నే ఎక్కువసార్లు సాధన చేయించాలి.

చివరికి బడి మార్చాలనే నిర్ణయానికి వస్తే విద్యా సంవత్సరం మధ్యలో కూడా మార్చవచ్చు. ఎనిమిదో తరగతి లోపు ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో చేర్చేటప్పుడు టీసీ ఆలస్యమైందని చేర్చుకోకపోవడం కుదరదు. టీసీ చేతికిచ్చినప్పుడు అక్కడే నిలబడి ప్రవర్తన గడిలో ఏం రాశారో చదవండి. "సంతృప్తికరం" కాకుండా ఇంకేదైనా ఉంటే, విచారణ నివేదిక కాపీ అడిగి, సరిచేయించుకునే బయటికి రండి.